‘పలువురతో నిగ్రహించి’యా, ‘విగ్రహించి’యా?

మాదాపూర్ నైట్‌షిఫ్ట్:
మా ఆఫీసు మీటింగులో పెద్దసారు మార్కెట్‌ను ఎలా చేతిలోకి తెచ్చుకోవాలో స్లైడ్లు వేసి చెప్పారు. ముందు ధర పడగొట్టాలి, తర్వాత చిన్న కంపెనీలను కొనేయాలి, మిగిలినవాళ్లకు దారి మూసేయాలి. చివర్లో హుషారుగా సుమతీ శతకంలోని ‘బలవంతుడ నాకేమని’ పద్యం అందుకున్నారు. అదే, బలమైన పామైనా ‘చలిచీమల చేత చిక్కి చావదె’ అనేది. పద్యం తన మీదే ఉందని గమనించారో లేదో! నా బాధ అది కాదు. రెండో పాదంలో ‘పలువురతో విగ్రహించి పలుకుట మేలా’ అన్నారు. ‘నిగ్రహించి’ కదా? ఇంటికొచ్చినా ఆ అక్షరం వదలట్లేదు.

నల్లకుంట మాస్టారు:
నేను చూసిన అచ్చుప్రతులన్నీ ‘నిగ్రహించి’ అనే అంటాయి. ఇందులో చర్చేముంది?

కొత్తపేట కందం:
మాస్టారు ‘చర్చేముంది’ అన్నారంటే వారం పాటు సాగుతుందన్నమాట. ఎవరినైనా నిగ్రహిస్తాం, అంటే అణుస్తాం గానీ ఎవరితోనైనా నిగ్రహించం కదండీ. ‘పలువురతో’ అన్నాక నప్పేది ‘విగ్రహించి’. విగ్రహం అంటే కయ్యం. సుమతి రాసింది నీతిశాస్త్రముక్తావళి రాసిన బద్దెనే అంటారు; ఆయనకు సంధి, విగ్రహం, యానం, ఆసనం లాంటి రాజనీతి ఉపాయాలు కొట్టినపిండి. పాత అచ్చులో ని, వి ఎంత దగ్గరగా ఉంటాయో ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పుస్తకాలు ఏరేవాళ్లను అడగండి.

నల్లకుంట మాస్టారు:
సుమతి బద్దెనదేనని ముందు తేలనివ్వండి. ఆ ‘తో’ పోయి ‘పలుకుట’ను చేరుతుంది. పలువురతో పలుకుట, ఎలా? నిగ్రహించి. అన్వయం తెలియక అక్షరం మారుస్తారా?

కొత్తపేట కందం:
ఛందస్సును అడుగుదామంటే అదీ నోరు విప్పదు. ‘గ్ర’ ముందు ని అయినా వి అయినా గురువే. తర్వాతి ‘గ్రహించి’ ఆరో గణం, జగణం చక్కగా కుదిరింది. యతి ప-పలకు, ప్రాస ‘ల’కు. మన అక్షరం సరిగ్గా ఎవరి కాపలా లేని చోట కూర్చుంది.

బేగంబజార్ లెక్కలు:
గణాలు నాకు రావు, హోల్‌సేల్ వచ్చు. నిగ్రహమే కరెక్ట్. పెద్దోడు కయ్యానికి రాడన్నా. నిగ్రహం, అనుగ్రహం రెండూ జేబులో పెట్టుకుని తిరుగుతాడు. మా పక్క షాపాయన పోటీ బ్రాండు సబ్బుల్ని కౌంటర్ ముందు వరసలో పెట్టాడు. గొడవ లేదు, ఫోన్ లేదు. మరుసటి నెల నుంచి పెద్ద కంపెనీవాళ్లను స్కీమ్ సరుకు అడిగితే ‘స్టాక్ నై భయ్యా’. సబ్బులు వెనక వరసకు పోయాయి, స్టాక్ వచ్చేసింది.

తార్నాక ఎకనామిక్స్:
ఇది అమెరికా చమురు వ్యాపారి రాక్‌ఫెల్లర్ నాటి పాఠమే. 1872లో సౌత్ ఇంప్రూవ్‌మెంట్ కంపెనీ పేరుతో రైలు కంపెనీలతో ఒక ఒప్పందం కుదిరింది. రాక్‌ఫెల్లర్ బృందం చమురుకు రైలు ఛార్జీలో తగ్గింపు ఎలాగూ ఉంది, పైగా పోటీవాళ్లు కట్టే ఛార్జీలోంచి కూడా వీళ్లకు వాటా! పెన్సిల్వేనియా బావులవాళ్లు ఏకమై చమురు అమ్మం పొమ్మన్నారు. ఒప్పందం అమలు కాకుండానే రద్దయింది. చీమలు గెలిచాయనుకుంటాం. కానీ ఆ గందరగోళంలోనే క్లీవ్‌లాండ్‌లోని 26 రిఫైనరీల్లో 22 రాక్‌ఫెల్లర్ చేతికి వచ్చేశాయి. 1911లో అమెరికా సుప్రీంకోర్టు ఆయన కంపెనీ స్టాండర్డ్ ఆయిల్‌ను 34 కంపెనీలుగా విడగొడితే షేర్లు పెరిగి ఆయన ఇంకా ధనవంతుడయ్యాడు. నన్నడిగితే గొడవ పడాల్సింది ‘చావదె’ దగ్గర.

నల్లకుంట మాస్టారు:
మూలం చదివితే ఆ అనుమానం రాదు. పంచతంత్రంలో ఆ పాము పేరు అతిదర్పుడు. రోజూ వచ్చే దారి వదిలేసి ఇరుకు కన్నంలోంచి దూరబోయి ఒళ్లు చీరుకుంది. నెత్తురు వాసనకు చీమలు ముసిరాయి. గాయం తనంతట తాను చేసుకున్నదే. శ్లోకం ‘బహవో న విరోద్ధవ్యాః’ అని, అంటే పలువురితో విరోధం వద్దని మొదలవుతుంది.

కొత్తపేట కందం:
‘విరోద్ధవ్యాః’! విరోధం, విగ్రహం. మాస్టారూ, నా తరఫున సాక్ష్యం మీరే తెచ్చారు. ధన్యవాదాలు.

నల్లకుంట మాస్టారు:
శ్లోకం భావానికి మూలం గానీ అక్షరానికి కాదు. అక్కడున్నది ఉత్త ‘పిపీలికాః’. తెలుగులోకి వచ్చేసరికి చలిచీమలు కాలేదా?

కొత్తపేట కందం:
ప్రాసకు ‘ల’, యతికి ‘చ’ కావాలి కాబట్టి అయ్యాయి. చలి అక్కడ పూరణమే.

చిక్కడపల్లి పిన్ని:
పూరణమేంటి నాయనా, మా బెల్లం డబ్బా నిండా అవే. కంటికి ఆనవు. చిటికెన వేలు పెడితే మోచేతి దాకా పాకుతాయి. నల్లచీమను చూసి ఎవరూ భయపడరు, గండుచీమ ఒంటరిగా తిరుగుతుంది. పామును ముంచేటన్ని ఒక్కసారి వచ్చేవి ఇవే. వంటగది చూసి రాసిన పద్యం అది.

బేగంబజార్ లెక్కలు:
పిన్నీ, చలిచీమ కుడుతుందా?

చిక్కడపల్లి పిన్ని:
మావి కుట్టవు.

తార్నాక ఎకనామిక్స్:
మావి కుడతాయి, అదీ ఎర్రగా ఉంటాయి. అసలు ఈ సంగతికి సుమతి కంటే వేమన నయం. ‘అనువుగాని చోట అధికులమనరాదు.’ వాల్‌మార్ట్ 2006లో జర్మనీ దుకాణాలను మెట్రో అనే జర్మన్ హోల్‌సేల్ కంపెనీకి అమ్మేసి వెళ్లిపోయింది. అదే ఏడాది దక్షిణ కొరియా నుంచి కూడా. బలం తగ్గలేదు, చోటు అనువు కాలేదు.

బేగంబజార్ లెక్కలు:
ఆ మెట్రో ఇక్కడి వ్యాపారాన్ని 2023లో రిలయన్స్ కొనేసింది సార్. అనువు రోజుకో చోటికి మారుతోంది.

కొత్తపేట కందం:
రెండో పాదం ‘కొంచెముండుటెల్ల కొదువ కాదు’ కదా. వెనక్కి తగ్గడం చిన్నతనం కాదని వేమన ఎంత తేలిగ్గా అనేశాడో చూడండి. ఆటవెలదిని ఆయనలా నడిపినవాడు మళ్లీ పుట్టలేదు.

నల్లకుంట మాస్టారు:
వెనక్కి తగ్గడం అక్కడ లేదు. కొంచెముండటం అంటే అణిగి ఉండటం. తర్వాతి పాదంలోనే ఉందిగా, కొండ అద్దంలో కొంచెంగా కనబడుతుంది గానీ వెనక్కి జరగదు.

మాదాపూర్ నైట్‌షిఫ్ట్:
సార్, నా ‘ని’ సంగతి?

నల్లకుంట మాస్టారు:
చెప్పానుగా, ‘ని’. కందంగారూ, ‘వి’ ఉన్న అచ్చుప్రతి ఒక్కటైనా చూపించండి, ఒప్పుకుంటాను.

కొత్తపేట కందం:
ఆదివారం ఆబిడ్స్ వెళ్తున్నాను. ఈలోగా ‘కొంచెముండుట’ మీద వేరే పోస్టు పెట్టాను. అందరూ అక్కడికి రండి.