నైట్ ఓరియంటీరింగ్: మ్యాప్ చూసి తలెత్తితే అంతా చీకటే, హెడ్‌ల్యాంప్ ఎలా పెట్టుకోవాలి?

స్వీడన్‌లో ఉంటున్నాను. వచ్చే శనివారం రాత్రి ఒక ఓరియంటీరింగ్ రేసు (మ్యాప్, కంపాస్ చూసుకుంటూ అడవిలో పెట్టిన గుర్తులను వెతుక్కుంటూ పరుగెత్తే పోటీ), ఆదివారం పొద్దున ఇంకొకటి. పగటి రేసుతో ఇబ్బంది లేదు, బాధంతా రాత్రిదే.

మ్యాప్ స్కేలు 1:10,000, కాంటూర్ల (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతల) మధ్య ఎత్తు తేడా 5 మీటర్లు. హెడ్‌ల్యాంప్ 1,000 ల్యూమెన్లలో ఉంటే అడవి బాగానే కనిపిస్తుంది. కానీ తల వంచి మ్యాప్ చూశానంటే ప్లాస్టిక్ కవరు తళుక్కుమని మెరుస్తుంది, గోధుమరంగు కాంటూర్ గీతలు ఆ వెలుగులో కలిసిపోతాయి. తలెత్తాక కాసేపు ఎదురుగా ఏమీ ఆనదు. సరిగ్గా అప్పుడే కుడివైపుకి జరిగిపోతున్నాను. మ్యాప్‌లో తెల్లగా ఉండే పలచటి అడవిలో ఎలాగో సర్దుకోవచ్చు. ఆకుపచ్చగా చూపించే గుబురు చోట మాత్రం కంట్రోల్ (వెతకాల్సిన గుర్తు) పక్కనుంచే దాటిపోతున్నాను, అదే చాలా బాధగా ఉంది.

వెలుగు 200కి తగ్గించి చూశాను: మ్యాప్ చక్కగా కనిపించింది గానీ కాళ్ల కింద రాళ్లు కనబడక నడవాల్సి వచ్చింది. మాటిమాటికీ బటన్ నొక్కి మార్చడం గ్లోవ్స్‌తో కుదరట్లేదు. కంపాస్ మీద అనుమానంతో పగలు అదే దారిలో వెళ్లి చూశాను, సరిగ్గానే చూపించింది. అడుగులు లెక్కపెట్టడం దూరానికి పనికొస్తోంది, దిక్కుకి కాదు.

రాత్రి రేసుల్లో అనుభవం ఉన్నవారు చెప్పండి: పరుగు ఆపకుండా మ్యాప్ చదవాలంటే హెడ్‌ల్యాంప్‌ని ఎన్ని ల్యూమెన్లలో, ఏ కోణంలో పెట్టుకోవాలి?