సమస్య: తన్నుఁ దానె చంపి తాను మిగిలె

నిర్వాహకుడు (అనంతపురం): మా మిద్దె మీద కుర్రాళ్లు నాటకం రిహార్సల్ చేస్తున్నారు. బోరు ఎండిన రైతు చేను అమ్మాలా వద్దా అని నలిగిపోయే కథ. రైతు ఒకడు, రైతు మనసు ఇంకొకడు. ఇద్దరికీ ఒకే రంగు చొక్కా. మనసు వేషంవాడు మాత్రం దాన్ని తిరగేసి తొడుక్కున్నాడు. కాలర్ కుట్లు, జేబు గుడ్డ బయటికి కనబడుతుంటే నాకు గొంతు పట్టేసింది. చివర్లో రైతు ఆ రెండోవాణ్ని తోసేసి ఒక్కడే నిలబడతాడు. రాత్రంతా ఈ పాదమే నాలుక మీద ఆడింది:

తన్నుఁ దానె చంపి తాను మిగిలె

దీన్నే చివరి పాదంగా పెట్టి పద్యం పూరించాలి. కానివ్వండి.

హంద్రీగట్టు (కర్నూలు):

లోని పిరికివాని లొంగదీసి నిలిచి
వేదికపయి నొకఁడు వెలుఁగు నొంద
ఇరువు రొకటె యనుచు నెఱిఁగితి మప్పుడే
తన్నుఁ దానె చంపి తాను మిగిలె

పెన్నాతీరం (ప్రొద్దుటూరు): రెండో పాదంలో దీపం వేసినట్టుందన్నా. అయితే మొదట లొంగదీశాడు, చివర చంపాడు. లొంగినవాణ్ని చంపడమెందుకు? నా పూరణ:

నేఁతగాని లోన నిద్దురించు మనసు
మగ్గ మెదుట వచ్చి మాటలాడె
అప్పు బరువు చేత నా గొంతు నులిమెను
తన్నుఁ దానె చంపి తాను మిగిలె

నిర్వాహకుడు: రెండుసార్లు చదివితే గానీ తగల్లేదు. చివరి ‘తాను’ నేతగాడు కాదు, మగ్గం నుంచి కోసిన బట్టల తాను! మనిషి పోయాడు, గుడ్డ మిగిలింది. మా ఆవిడకు చదివి వినిపించాను, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

హంద్రీగట్టు: శ్లేష గొప్పగా ఉంది, ఒప్పుకుంటా. కానీ చంపింది నేతగాడు, మిగిలింది గుడ్డ. ‘చంపి’కీ ‘మిగిలె’కీ కర్త ఒకడే ఉండాలి కదా? ఇంకో మాట. ఉగాదికి నా పూరణలో ‘బొరుగులు’ అని వేస్తే మీరు అంగడి మాట అన్నారు. బట్టలంగడి మాట మీకెట్ల చెల్లింది?

పెన్నాతీరం: ‘వాన కురిసి చెరువు నిండింది’ అంటాం. కురిసింది చెరువా? ఇక బొరుగులంటే నాకూ ప్రాణమే. సీతమ్మ పెళ్లివిందులో వడ్డించారు, అదీ నా అభ్యంతరం.

హంద్రీగట్టు: మిథిలలో బొరుగులు ఉండవని ఎవరు చెప్పారు?

తాడిపత్రి: పెళ్లివిందు తర్వాత చూసుకోండి. లోపలి మనిషిని వేదిక ఎక్కించడం పాత విద్యే. 11వ శతాబ్దిలో కృష్ణమిశ్రుడు సంస్కృతంలో రాసిన ప్రబోధచంద్రోదయంలో వివేకుడు, మహామోహుడు పాత్రలే. మనసుకు ఇద్దరు భార్యల వల్ల పుట్టిన కొడుకులు. నంది మల్లయ, ఘంట సింగయ 15వ శతాబ్దిలో దాన్ని తెలుగు కావ్యం చేశారు.

నాటి నాటకమున నరుని లోపలి రాజు
మోహరాజు తోడ మనసు పెట్టి
పోరి గెలిచె, వారి పుట్టినిల్లు మనసె
తన్నుఁ దానె చంపి తాను మిగిలె

హంద్రీగట్టు: రెండో పాదం చూడండి. పాదం మొదటి ‘మో’కు నడుమ జోడు అక్షరం ‘మ’నా? ‘మనసు పెట్టి’ బదులు ‘మొక్కవోక’ (వెనుదీయక) అనండి, యతీ నిలుస్తుంది, రాజూ నిలుస్తాడు.

తాడిపత్రి: మార్చాను, మేలు చేశారు. ఒక సందేహం. బళ్లారి రాఘవ 1880లో పుట్టింది మా ఊళ్లోనే. అట్లాంటి నటుడుంటే ఒక్క ఒంట్లోనే ఇద్దరూ కనబడతారు. రెండో చొక్కా ఎందుకు?

నిర్వాహకుడు: ఒక్కడే ఆడితే మథనపడటం కనబడుతుంది. ఇద్దరు ఆడితే మనసుకు దెబ్బ తగలడం కనబడుతుంది. నిన్న ఆ కుర్రాడు మోచేతి మీద పడ్డాడు. చర్మం లేచింది. రైతు వేషంవాడు డైలాగు మరిచి వాణ్నే చూస్తూ ఉండిపోయాడు.

పెన్నాతీరం, మీ పద్యం నాటకం మొదట్లో చదివించుకోవచ్చా?

పెన్నాతీరం: సంతోషంగా. నాలుగో పాదం మాత్రం ఇద్దరూ కలిసి చదవాలి.