సార్ రిటైరైతే డేటా కూడా రిటైరైపోవాల్సిందేనా?

గోదారి_స్కాలర్: మా డిపార్ట్‌మెంట్లో ఒక సారు పోయిన నెల రిటైరయ్యారు. ప్రాజెక్టుల సర్వే డేటా అంతా ఆయన పెన్‌డ్రైవ్‌లోనే. ఆఫీసులో అడిగితే "ఫైనల్ రిపోర్టు ఇచ్చేశారుగా, ఇంకేం కావాలి" అంటున్నారు. మీ దగ్గర ఇవి దాచే పద్ధతేమైనా ఉందా? పాత థీసిస్‌లు ఎక్కడ వెతుకుతున్నారు?

కేటలాగ్_కింగ్: థీసిస్‌లకైతే శోధ్‌గంగా ఉందిగా, దేశంలోని పీహెచ్‌డీ థీసిస్‌లు ఆన్‌లైన్‌లో పెట్టే చోటు. గాంధీనగర్‌లోని యూజీసీ లైబ్రరీ నెట్‌వర్క్ సెంటర్, ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్లది. 2009 యూజీసీ నిబంధనలు వచ్చాక థీసిస్ సాఫ్ట్ కాపీ ఇవ్వాల్సిందే. వెనకుండేది డీస్పేస్ అనే సాఫ్ట్‌వేర్. మా లైబ్రరీలో అది పెట్టిందే నేను, డౌట్లుంటే అడగండి.

అట్లతద్ది: అడుగుతున్నా. తెలుగు థీసిస్ తెరిచి "బుర్రకథ" అని వెతికితే ఒక్కటీ రాదేం? పేజీలో కంటికి కనిపిస్తూనే ఉంది, కాపీ చేసి వర్డ్‌లో వేస్తే పిచ్చి గుర్తులు. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో కొట్టించి పీడీఎఫ్ చేసి పెడితే అది దాచినట్టా, పాతిపెట్టినట్టా?

డీటీపీ_రాజు: అను మీద పడి ఏడవకండి. రేపు సబ్మిషన్ అనగా రాత్రి పదింటికి 300 పేజీలు పట్టుకొచ్చేది మీరే. మేం పేజీలు కట్టే పేజ్‌మేకర్‌లో యూనికోడ్ తెలుగు, అదే ఎక్కడైనా వెతికితే దొరికే తెలుగు, రాదు.

అట్లతద్ది: ఇంకా పేజ్‌మేకరేనా మహానుభావా!

డీటీపీ_రాజు: గౌతమి అనే యూనికోడ్ ఫాంట్‌లో కొట్టిస్తే "ఇవేం అక్షరాలు" అని ఒక మేడం కాగితాలు నా మొహాన కొట్టారు. ముందు మీ గైడ్లకు చెప్పుకోండి. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లున్నాయి, ఒత్తులు దిద్దుకునే ఓపిక ఎవరికుంది?

కేటలాగ్_కింగ్: మెటాడేటా, అంటే థీసిస్ పేరు, గైడు పేరు, విషయం లాంటి వివరాలు, యూనికోడ్‌లో సరిగ్గా ఇస్తే లోపలి మాటలు దొరక్కపోయినా థీసిస్ అయితే దొరుకుతుంది.

అట్లతద్ది: ఒకే గైడు పేరు నాలుగు స్పెల్లింగుల్లో ఎక్కించేది మీలాంటి కింగులే కదా.

కేటలాగ్_కింగ్: ముగ్గురి పని ఒక్క ఔట్‌సోర్సింగ్ కుర్రాడు చేస్తున్నాడు. వచ్చి కూర్చుని చూడండి, తెలుస్తుంది.

ఎకనామిక్స్_పీజీ: ఇంతకీ ప్రభుత్వ విద్యాసంస్థలకు జర్నల్స్ ఇప్పించే కేంద్రం పథకం, వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్, ఎవరికైనా పనిచేస్తోందా? మూడేళ్లకు 6,000 కోట్లన్నారు, హాస్టల్లో జర్నల్ తెరిస్తే డాలర్లు కట్టమంటోంది.

గోదారి_స్కాలర్: అయ్యా, నా డేటా సంగతి?

రిటైర్డ్_రీడర్: బాబూ, నేను దిగిపోయేటప్పుడు కుర్చీలతో సహా లెక్కపెట్టుకుని నో డ్యూస్ ఇచ్చారు, హార్డ్‌డిస్కు ఊసెత్తినవాడు లేడు. ఆ ఫారంలో లైబ్రరీ పుస్తకాలకు గడి ఉంటుంది, డేటాకు ఉండదు. ఒకటి పెట్టించమని రిజిస్ట్రార్‌కి అర్జీ రాయి. ఈలోగా సారు ఇంటికెళ్లు. ఫైళ్లు తెచ్చుకుంటే సరిపోదు, ఏ కాలమ్‌లో 1 అంటే ఏంటి, 9 అంటే ఏంటి అన్నీ ఆయన చేత చెప్పించి రాసుకో. సర్వేలో జనం పేర్లుంటే తీసేశాకే ఎవరికైనా ఇవ్వు.

గోదారి_స్కాలర్: సారు అబ్బాయి దగ్గరకి డాలస్ వెళ్లారండీ, సంక్రాంతికి గానీ రారట.

ఎకనామిక్స్_పీజీ: పెన్‌డ్రైవ్ కూడా విమానమెక్కిందా, బీరువాలో ఉందా? అది కనుక్కో ముందు.