జూరీ ‘కాపీ’ అని పక్కన పెట్టిన ఓడల ఆట: గీత ఎక్కడ గీయాలి?

సీతమ్మధార శ్రీను:
మా తమ్ముడు, వాడి ముగ్గురు ఫ్రెండ్స్ ఇంజనీరింగ్ మూడో ఏడు. కాలేజీ టెక్ ఫెస్ట్ కోసం ఒక ఫోన్ గేమ్ చేశారు. అడ్డం నాలుగు, నిలువు నాలుగు గడులు. వేలితో జరిపితే రెండు తెప్పలు కలిసి పడవ, రెండు పడవలు కలిసి మరబోటు, అలా ట్రాలరు, సరుకు ఓడ దాకా పెరుగుతుంది. బొమ్మలన్నీ వాళ్లే గీశారు, వెనకాల మన విశాఖ డాల్ఫిన్స్ నోస్ కొండ కూడా. జూరీలో ఒకాయన రెండు నిమిషాలు ఆడి, "ఇది 2048 కదా బాబూ, అంకెలు తీసి ఓడలు పెట్టారు" అని పక్కన పెట్టేశారు. 2048 అంటే సమానమైన అంకెలున్న గడులను జరిపి కలుపుతూ పెంచే ఆట. పిల్లలు బాగా దిగాలుపడ్డారు. ఒక ఆట చూసి ఇంకో ఆట చేస్తే అది కాపీయేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

గాజువాక గేమర్:
కానే కాదు. అలాగైతే సగం గేమ్స్ పుట్టేవే కావు. ఆడిన ప్రతిసారీ దారి మారిపోవడం, చస్తే మళ్లీ మొదటికే రావడం, ఈ పద్ధతితో 1980లో రోగ్ అనే ఆట వచ్చింది. ఈ రోజుకీ ఒక జానర్ (ఆటల రకం) మొత్తం ఆ పేరుమీదే నడుస్తోంది. 1993లో డూమ్ వచ్చాక కొన్నేళ్లు తుపాకీ ఆటలన్నిటినీ ‘డూమ్ క్లోన్’ అనేవారు, ఇప్పుడు ఎవరూ అనరు. స్టార్‌డ్యూ వ్యాలీ అనే వ్యవసాయం ఆట చేసిన ఎరిక్ బరోన్, అలాంటిదే పాత ఆట హార్వెస్ట్ మూన్ మీద ప్రేమతో మొదలుపెట్టానని ఎప్పుడూ దాచలేదు. నాలుగేళ్లకు పైగా ఒక్కడే కూర్చుని చేశాడు. మన పచ్చీసును ఇంగ్లండులో కాస్త మార్చి, 1896లో లూడో పేరుతో పేటెంటు తీసుకున్నారు. మన దేశం దాన్ని ఫోన్‌లోకి తెచ్చి మళ్లీ ఆడుతోంది. ఇందులో దొంగ ఎవరు?

ఎంవీపీ రాధిక:
శ్రీను గారూ, నేను ఋషికొండ వైపు ఒక చిన్న స్టూడియోలో డిజైన్ పని చేస్తాను. ఈ విషయం నన్ను కదిలిస్తుంది కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నా.

2048 మాట ఎత్తితే ముందు త్రీస్ అనే ఆట గురించి చెప్పాలి. ఆషర్ వోల్మర్, గ్రెగ్ వోల్వెండ్ 14 నెలలు కష్టపడి 2014 ఫిబ్రవరిలో దాన్ని విడుదల చేశారు. అందులో 1, 2 కలిస్తే 3 అవుతుంది, అక్కణ్నుంచి సమానమైన అంకెలే కలుస్తాయి. జరిపితే ప్రతి గడీ ఒక్క అడుగే కదులుతుంది. తర్వాత వచ్చే అంకె ఏమిటో ముందే సూచన ఇస్తుంది. వెంటనే 1024 అని ఒకటి వచ్చింది. దాని తర్వాత, మార్చిలో, గాబ్రియేలే చిరుల్లి అనే 19 ఏళ్ల ఇటలీ కుర్రాడు వారాంతంలో 2048 చేసి, కోడ్‌తో సహా ఉచితంగా పెట్టేశాడు. అతని మీద నాకు కోపం లేదు. ఏ ఆటలు చూసి చేశాడో చెప్పాడు, దాంతో సొమ్ము చేసుకోవాలనీ మొదట అనుకోలేదు. కానీ జరిగింది ఏమిటంటే, త్రీస్ చూసినవాళ్లే "ఇది 2048 కాపీ" అనడం మొదలుపెట్టారు. మనసు కష్టమై ఆ ఇద్దరూ తమ మధ్య నడిచిన ఈమెయిళ్లన్నీ బయటపెట్టారు. ఏయే నిబంధన పెట్టారో, ఎందుకు తీసేశారో అందులో ఉంది. నేను చదివాను. 14 నెలలూ వాళ్లు చేసింది ముఖ్యంగా తీసేయడమే.

ఆట పూర్తయ్యాక నిబంధన ఎవరికైనా రెండు నిమిషాల్లో కనిపిస్తుంది. పది నిబంధనలు పారేసి ఇదొక్కటే ఎందుకు ఉంచారన్నది కనిపించదు. కాపీ కొట్టేవాడికి జవాబు మాత్రం చేతికొస్తుంది. అందుకే నేను అడిగేది ఒక్కటే: అరువు తెచ్చుకున్న నిబంధన మీద మీ పిల్లలకు తమదైన చిక్కు ఏదైనా ఎదురైందా? దాన్ని వాళ్లు విప్పారా? బొమ్మలు మార్చడం లెక్కలోకి రాదు. అంతవరకే అయితే జూరీ తప్పేమీ అనలేదు.

ద్వారకానగర్ లాయరు:
చట్టం సంగతి క్లుప్తంగా. మన పేటెంట్ల చట్టం 1970, సెక్షన్ 3(ఎం) ప్రకారం ఆట ఆడే పద్ధతికి పేటెంటు రాదు. కాపీరైటు కూడా ఆలోచనకు ఉండదు, దాన్ని వ్యక్తం చేసిన రూపానికే ఉంటుంది. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఒక నాటకం, ఒక సినిమా విషయంలో ఇదే తేల్చింది: రెండూ చూసినవాడికి ఇది అదే అని నిస్సందేహంగా అనిపిస్తేనే ఉల్లంఘన. అమెరికాలో 2012లో, పైనుంచి పడే ముక్కల్ని పేర్చే టెట్రిస్ ఆట వాళ్లు మినో అనే ఫోన్ ఆట మీద గెలిచారు. "నిబంధనలే తీసుకున్నాం" అన్న వాదన అక్కడ నిలవలేదు. ముక్కల ఆకారాలు, అడ్డం 10, నిలువు 20 గడుల పలక, అన్నీ యథాతథంగా దించేశారని కోర్టు చెప్పింది. జపాన్‌లో దారి వేరు. 2024 సెప్టెంబరులో, జీవుల్ని పట్టుకునే పాల్‌వరల్డ్ అనే ఆట మీద నింటెండో, పోకెమాన్ కంపెనీ వేసింది పేటెంట్ల దావా. ఆ నవంబరులోనే, బంతి విసిరి జీవిని బయటకు పిలిచే పద్ధతిని పాల్‌వరల్డ్ మార్చుకుంది.

మీ తమ్ముడి ఆట 2048 బొమ్మలు గానీ రంగులు గానీ వాడలేదు కాబట్టి చట్టరీత్యా ఇబ్బంది కనబడదు.

గాజువాక గేమర్:
సూశారా! చట్టమే తప్పు లేదంటే రాధిక గారికేటండీ అభ్యంతరం?

ఎంవీపీ రాధిక:
చట్టం చూసేది శిక్ష వెయ్యాలా వద్దా అని. బహుమతి ఇవ్వాలా వద్దా అనేది చట్టం పని కాదు. నిబంధనలకు హక్కు లేకపోవడం మంచిదే. ఉంటే పెద్ద కంపెనీలు జానర్లకే తాళం వేసేవి. హక్కు లేదు కాబట్టే మర్యాద మన చేతుల్లో ఉంది.

సీతమ్మధార శ్రీను:
అక్కా, మీరు అడిగింది తమ్ముణ్ని అడిగాను. రెండో లెవెల్‌లో వేరే సంగతి ఉందట, జూరీ అక్కడిదాకా ఆడలేదట. మన పోర్టుకి లోపలి హార్బరు, బయటి హార్బరు ఉన్నాయి కదా, మధ్యలో ఇరుకైన చానలు. అలాగే బోర్డు మధ్యలో గోడ పెట్టి, ఒక్క గడి సందు వదిలారు. తెప్పలు లోపలే పుడతాయి. సరుకు ఓడ అయ్యాక లోపలికి రావడం కుదరదు. పెద్ద ఓడ సందుకి అడ్డం పడితే లోపలి పడవలు బయటికి రావు, ఆట ముగుస్తుంది.

ఎంవీపీ రాధిక:
ఇది ముందే చెప్పాల్సింది తమ్ముడూ! 2048 ఆడేవాళ్ల ప్రధానమైన ఎత్తు, పెద్ద అంకెను ఒక మూలకు నెట్టి అక్కడే ఉంచడం. ఈ ఆటలో ఆ ఎత్తు సగమే పనిచేస్తుంది. ఓడను బయట మూలన దాచినా, చిన్నవాటిని దాని దాకా చేర్చాలంటే సందు ఖాళీగా ఉండాలి. అంటే ఎప్పుడు కలపాలన్నదాని కన్నా ఎప్పుడు కలపకూడదన్నదే ఆట అవుతుంది. 2048లో ఆ ప్రశ్నే లేదు. పైగా అది మన రేవును చూసి పుట్టింది. ఇప్పుడు మాట మారుస్తున్నాను: రెండో లెవెల్ కాపీ కాదు. మొదటి లెవెల్ మాత్రం కాపీయే. దాన్ని పూర్తిగా తీసేసి, ఆట తెరవగానే గోడ కనపడేలా చెయ్యమనండి.

గాజువాక గేమర్:
తీసెయ్యడం నేను ఒప్పుకోను. కొత్తగా ఆడేవాడికి తెలిసిన ఆటతో మొదలెడితేనే తెలియనిది అర్థమవుతుంది. చదువుకునే పిల్లలు, అమ్ముకోవట్లేదు కూడా.

ఎంవీపీ రాధిక:
నేర్చుకోడానికి కాపీ చెయ్యాలి, నేనూ అలాగే నేర్చుకున్నా. పోటీకి పెట్టినప్పుడు లెక్క వేరు. నేర్పడం కోసమే అయితే గోడతో ఉన్న చిన్న బోర్డు, నాలుగు తెప్పలు చాలు.

ద్వారకానగర్ లాయరు:
ఒక సూచన. మొదటి తెర మీదే త్రీస్, 2048 రెండింటి పేర్లూ రాయండి. చట్టం అడగదు, అయినా రాయండి.

సీతమ్మధార శ్రీను:
రాస్తారు సార్. మొదటి లెవెల్ తీసెయ్యడం మీదే నలుగురికీ ఇంకా తగువు, ఇద్దరు గాజువాక అన్న పక్షమే. ఆదివారానికి రెండు రకాలూ చేసి ఇక్కడ పెడతామన్నారు. ఆడి చెప్పండి.