ఉగాది సభ (మార్చి 14): సర్వమత చర్చకు మనుషులు కావాలి

చర్చ బాధ్యుడు: అందరికీ నమస్కారం. మన అసోసియేషన్ ఉగాది సభలో ముప్పావుగంట సర్వమత చర్చ పెడదామని కిందటి మీటింగులో అనుకున్నాం, ఆ పని నా నెత్తిన పడింది. పండగ 19న, గురువారం. 21 శనివారం స్కూలు ఆడిటోరియం దొరకలేదు, 14 దొరికింది, అంటే సరిగ్గా రంజాన్ నెలలో పడింది, అది గుర్తుపెట్టుకుని చదవండి.

ముందే చెప్పేస్తున్నా. పంతులుగారు, పాస్టరుగారు, ఇమాంగారు వరసగా వచ్చి "అన్ని మతాలూ ఒక్కటే" అని తలా పది నిమిషాలు చెప్పి, చేతులు కలిపి ఫొటో దిగడమే కార్యక్రమమైతే నావల్ల కాదు. అలాంటిది ఒకటి చూశాను, సగం హాలు సమోసాల లైన్లో ఉంది. మనం ఒకే ప్రశ్న పెడదాం: మీ వీధి చివర వేరే మతంవాళ్లు ప్రార్థనా మందిరం కడతామంటే, టౌన్‌షిప్ హియరింగుకి వెళ్లి మీరేం మాట్లాడతారు?

ఇది ఊరికే అడగట్లేదు. మన న్యూజెర్సీలోనే బెర్నార్డ్స్ టౌన్‌షిప్‌లో బాస్కింగ్ రిడ్జ్ ఇస్లామిక్ సొసైటీ వాళ్లు మసీదుకి 2012లో దరఖాస్తు పెట్టుకుంటే, ప్లానింగ్ బోర్డు 39 హియరింగులు పెట్టి 2015 డిసెంబరులో కుదరదంది. పెద్ద పేచీ పార్కింగ్ దగ్గర. చర్చీలకైతే ముగ్గురికి ఒక కారు చోటు లెక్క, ఆ లెక్కన 50 చాలు, మసీదుకి మాత్రం 107 ఉండాలన్నారు. ఈ తేడా చెల్లదని 2016 డిసెంబరు 31న ఫెడరల్ జడ్జి తీర్పిచ్చారు, మరుసటేడు టౌన్‌షిప్ 32.5 లక్షల డాలర్లకు రాజీ పడింది. ఆ కేసులో అక్కరకొచ్చిన ఫెడరల్ చట్టం, ప్రార్థనా స్థలాల కట్టడాల విషయంలో వివక్ష చూపకూడదనేది, 2000లో వచ్చింది, దాని అండ మన గుళ్లకీ ఉంది. మరి వైకుంఠ ఏకాదశి నాడు పక్కింటివాళ్ల డ్రైవ్‌వేకి అడ్డంగా కారు పెట్టి పోయేది ఎవరండీ? మనమే కదా.

స్టేజీ టీమ్: ఐడియా బాగుందన్నా. రెండు విషయాలు. స్కూల్లో మంట వెలిగించనివ్వరు, కాబట్టి దీపం కుందిలో బ్యాటరీ వత్తులే. గణపతి ప్రార్థన ఎప్పటిలాగే మొదట్లో పెడుతున్నా, పిల్లలు ప్రాక్టీసు కూడా మొదలెట్టారు.

కడప తమ్ముడు: అన్నా, ఇమాంగారిని పిలవకండి. రంజాన్‌లో ఇఫ్తార్, తరావీహ్ (రాత్రి నమాజులు) వదిలేసి శనివారం సాయంత్రం ఎలా వస్తారు? పైగా ఆయనకి తెలుగు రాదు. నేనే మాట్లాడతా, ఉపవాసంతోనే వస్తా, కాకపోతే 6:30కల్లా నన్ను వదిలేయాలి. మా ఊళ్లో ఉగాది రోజు దేవుని కడప గుడికి ముస్లింలు కొబ్బరికాయలు పట్టుకుని వెళ్తారు, బీబీ నాంచారమ్మ మా ఆడపడుచు, వెంకటేశ్వరస్వామి మా అల్లుడు అని. మా నానమ్మ నన్ను ఎత్తుకుని తీసుకెళ్లేది. అది చెప్పొచ్చా?

చర్చ బాధ్యుడు: తప్పకుండా చెప్పు తమ్ముడూ, ఉగాది సభలో అది చెప్పకపోతే ఇంకెక్కడ చెప్తాం. కానీ అక్కడితో ఆగకు. చప్పట్లు అయ్యాక ఇక్కడ శుక్రవారం నమాజుకి మీ ఆఫీసులో గంట అడగడానికి ఎంత తటపటాయించావో, నాతో కారులో చెప్పావే, అది చెప్పు.

రిజిస్ట్రేషన్ అక్క: గణపతి ప్రార్థన మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పనా, ఎవరూ ఏమీ అనుకోకండి. మేం చర్చికి వెళ్లేవాళ్లం. ప్రార్థన జరిగేటప్పుడు ముందు వరసలో కూర్చుంటే చేతులు జోడించాలా, ఊరికే ఉండాలా, ఎవరైనా చూస్తున్నారా అని ఒకటే టెన్షన్. అందుకే ఏటా రిజిస్ట్రేషన్ బల్ల నేనే అడిగి తీసుకుంటా, అది అయ్యాకే లోపలికి వస్తా. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. తీసేయమని కూడా అనట్లేదు, తీసేస్తే "ఆవిడ వల్లే" అంటారు, అది ఇంకా ఘోరం.

చర్చ బాధ్యుడు: అక్కా, ఇన్నేళ్లూ మీకు లెక్కలు ఇష్టమనుకున్నా. సిగ్గుగా ఉంది.

అయితే మొదటి ప్రశ్న ఇదే పెడదామా? మీ పేరు రాకుండానే. న్యూయార్క్ రాష్ట్రంలో గ్రీస్ అనే టౌన్ ఉంది, అక్కడ టౌన్ బోర్డు మీటింగులకు ముందు అప్పట్లో చేసిన ప్రార్థనలు దాదాపు అన్నీ క్రైస్తవ ప్రార్థనలే. ఇద్దరు ఆడవాళ్లు, ఒకరు యూదు, ఒకరు నాస్తికురాలు, కోర్టుకెళ్లారు. 2014లో సుప్రీంకోర్టు 5-4తో ఆ ప్రార్థనలు చెల్లుతాయంది. అలాంటి మీటింగులో మనమే కూర్చుంటే "మా సంగతేంటి" అంటాం. మన హాల్లో మాత్రం మనదే మెజారిటీ కాబట్టి ఆ మాట నోటికి రాదు. మనది ప్రభుత్వం కాదు, అసోసియేషన్, చట్టం మనల్ని అడగదు. నిజమే. అక్కే అడిగింది కదా.

స్టేజీ టీమ్: పిల్లలకి ఇప్పుడు వద్దని ఎలా చెప్పేది? ప్రార్థన 4:15కి అని కాగితం మీద విడిగా వేసి, సభ 4:30కి మొదలని రాస్తే? వచ్చేవాళ్లు ముందే వస్తారు.

చర్చ బాధ్యుడు: మనవాళ్లు 4:30 అంటే 5కి వస్తారు, పిల్లల పాట ఖాళీ కుర్చీలు వింటాయి. అయినా సరే, ఈసారికి అలా చేసి చూద్దాం.

ఫుడ్ కమిటీ: సూర్యాస్తమయం 7 దాటాకే. 8న గడియారాలు ముందుకు జరుగుతాయి, పాత లెక్కన 6కి పెట్టకండి. ఖర్జూరాలు, నీళ్లు పక్క గదిలో ఉంటాయి. ఉపవాసం ఉన్నవాళ్లకి పచ్చడి మూత డబ్బాల్లో విడిగా తీసిపెడతా. పండగ రాకముందే పచ్చడేంటని మా అత్తగారు సణుగుతున్నారు, ఆవిడకి మీరే చెప్పుకోండి. వేపపువ్వు ఎండుదే ఉంది, ఎవరింట్లోనైనా ఇంకొంచెం ఉంటే తెండి.

కోశాధికారి: ఒక అభ్యర్థి తరఫున ఫోనొచ్చింది, చర్చలో ఆయనకీ ఐదు నిమిషాలు కావాలట. జూన్‌లో ప్రైమరీలు, అంటే పార్టీలు అభ్యర్థులను ఎంచుకునే ఎన్నికలు. మనది 501(సి)(3), అంటే పన్ను మినహాయింపున్న సంస్థ, ఎన్నికల్లో ఎవరికీ మద్దతు ఇవ్వకూడదు, 1954 నుంచీ ఉన్న రూల్ అది. వస్తే కూర్చుని భోంచేసి వెళ్లమనండి, మైకు మాత్రం ఇవ్వొద్దు.

రిజిస్ట్రేషన్ అక్క: మా పాస్టరుగారిని కాదు, నన్ను మాట్లాడమంటే మాట్లాడతా. బల్లకి వేరేవాళ్లని చూసుకోండి.

చర్చ బాధ్యుడు: రాసుకున్నా అక్కా. ఇప్పుడు బల్లకి ఇద్దరు, మైకు తిప్పడానికి ఒకరు, పార్కింగ్‌కి నలుగురు కావాలి. పార్కింగ్‌కి ఇంతవరకూ ఒక్కరూ పేరివ్వలేదు.