ఆరోగ్యశ్రీ కార్డు ఉండి కూడా మన ముసలోళ్లు క్యాన్సర్ టెస్టుకు ఎందుకు పోరు?

పాలమూరు_పోరడు: జడ్చర్ల దగ్గర మా ఊరు. రిటైరైన టీచర్లు ఏడాదికోసారి హైదరాబాద్ పోయి అన్నీ చూపించుకుంటారు. కూలికి పోయే అవ్వలు గడ్డ పుండయ్యేదాకా నోరు విప్పరు. ఇద్దరి దగ్గరా సర్కారు కార్డే ఉంది కదా, ఎందుకీ తేడా?

దేవరకొండ_రైతు: ఎందుకంటే కార్డుతో టెస్టు చెయ్యరు కాబట్టి. మా అమ్మను ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోతే ముందు పరీక్షలకు డబ్బు కట్టించుకున్నారు, జబ్బని తేలాకే కార్డు అడిగారు. కార్డు పరిమితి 10 లక్షలకు పెంచామని చెప్పుకుంటారు, మొదటి రోజు ఖర్చు మాత్రం మనదే.

ఏఎన్‌ఎం_అక్క: తమ్మీ, ఆరోగ్యశ్రీ చికిత్స కోసం. ఏ బాధా లేని మనిషికి స్క్రీనింగ్ చేసేది వేరే కార్యక్రమం. 30 దాటిన వాళ్లకు నోరు, ఆడవాళ్లకు రొమ్ము, గర్భాశయ ముఖద్వారం కూడా ఉచితంగానే చూస్తాం. 2023 మార్చి నుంచి మంగళవారం ఆరోగ్య మహిళ క్లినిక్కులూ నడుస్తున్నాయి. రమ్మంటే వచ్చేవాళ్లెవరు?

దేవరకొండ_రైతు: కార్డుతో చేస్తారా, చెయ్యరా? అది చెప్పక్కా.

ఏఎన్‌ఎం_అక్క: కార్డు అవసరమే లేదు అంటున్నా కదా!

దేవరకొండ_రైతు: అంటే చెయ్యరు.

మిర్యాలగూడ_మావ: 😂

డాలస్_నుంచి: ఇక్కడ అమెరికాలో మెడికేర్ అనే సర్కారు బీమాలో 65 దాటినవాళ్లకు మామోగ్రామ్‌కు, అంటే రొమ్ము ఎక్స్‌రేకు, డాలర్ కూడా కట్టే పనిలేదు. అయినా పల్లెల్లో ఉండేవాళ్లు, తక్కువ ఆదాయం వాళ్లు తక్కువే పోతారు. ఉచితం చేస్తే సరిపోదన్నా.

దేవరకొండ_రైతు: అమెరికా ముచ్చట అమెరికాలో పెట్టుకో అన్నా.

నకిరేకల్_లెక్కలు: ఒక సంగతి ఎవరూ అనట్లేదు. కేంద్రం మార్గదర్శకాల్లో ఈ స్క్రీనింగ్ 30 నుంచి 65 ఏళ్ల వరకే. అదే కేంద్రం 2024 అక్టోబర్‌లో 70 దాటిన అందరికీ 5 లక్షల చికిత్స కార్డు అన్నది. ముందే పట్టుకునే వయసు దాటాక వైద్యానికి డబ్బిస్తారా? 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తమ్మీద 30–49 ఏళ్ల ఆడవాళ్లలోనే గర్భాశయ ముఖద్వార పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవాళ్లు 2 శాతం లోపు. ఆ పైవాళ్లను అసలు అడగనేలేదు.

ఏఎన్‌ఎం_అక్క: 65 దాటారని మేమెవరినీ వెనక్కి పంపం. నోట్లో తెల్లమచ్చ, రొమ్ములో గడ్డ ఏ వయసులోనైనా చూస్తాం. ముట్లుడిగిన వాళ్లకు మాత్రం ముఖద్వారంలో చూడాల్సిన భాగం లోపలికి పోతుంది, యాసిడ్ పూసి చూసే పరీక్ష సరిగా తేల్చదు. వాళ్లను పెద్దాసుపత్రికి రాస్తాం. రాసిన చీటీ ఇంట్లో గూట్లో ఉంటుంది.

దేవరకొండ_రైతు: చూస్తాం చూస్తాం అంటున్నావు, మా ఊళ్లో బీపీ చూసి ఫారం నింపుకొని పోయారు. నోరు తెరవమన్నది కూడా లేదు. మా అమ్మకు చిన్నప్పటి నుంచి తంబాకు అలవాటు. ఆన్‌లైన్‌లో మాత్రం ‘స్క్రీనింగ్ అయ్యింది’ అని పడ్డది!

ఏఎన్‌ఎం_అక్క: అట్ల చేసినవాళ్లది తప్పే. మరి నీ సంగతి? ఆమె నోట్లో పుండు ఎన్నాళ్లు ఉన్నది, నువ్వెప్పుడు చూశావు? ఎడ్లకు కుంటొస్తే ఆ పూటే డాక్టర్ని పిలుస్తారు. తల్లులను కోడళ్లు తెస్తారు, కొడుకులు ఫోన్లో అడుగుతారు.

మిర్యాలగూడ_మావ: అక్కా, నెమ్మది.

దేవరకొండ_రైతు: నెమ్మదెందుకు, ఉన్నదే అడిగింది. చూశాను. చూసి నాలుగు నెలలు మాట్లాడలేదు. క్యాన్సరని తెలిస్తే తర్వాతి పని ఎవరిది? రేడియేషన్ అంటే వారానికి ఐదు రోజులు, వారాల తరబడి. హైదరాబాద్‌లో రూము, తిండి, తోడు మనిషి. ఆర్టీసీలో అమ్మకు టికెట్ లేదు, నాకున్నది. నాటు వేసే టైములో పొలం ఎవరు చూస్తారు? కార్డు మంచం ఖర్చు ఇస్తుంది, నా కూలి ఇస్తుందా?

పాలమూరు_పోరడు: ఇది మొదట్లోనే చెప్పుంటే అయిపోవు కదన్నా. టీచర్లకు పెన్షన్, హైదరాబాద్‌లో కొడుకు ఇల్లు ఉన్నాయి. అదే తేడా అన్నమాట.

ఏఎన్‌ఎం_అక్క: అందుకే టెస్టే వద్దంటావా తమ్మీ? నోటి క్యాన్సర్ చిన్నగా ఉన్నప్పుడు దొరికితే చాలామందికి ఆపరేషన్‌తోనే పోతుంది, అన్ని వారాలు తిరిగే పనే ఉండదు. ఆలస్యమైన కొద్దీ నీ కూలి ఎక్కువ పోతుంది.

దేవరకొండ_రైతు: అది డాక్టర్ల లెక్క. దొరికిందాకా ఏ ఇంట్లోనూ ఖర్చు మొదలు కాదు, మా లెక్క అది. రేడియేషన్ మిషన్ నల్లగొండకు తెచ్చి అప్పుడు రమ్మను, మొత్తం తండాను ట్రాక్టర్‌లో ఎక్కించుకొస్తా.

నకిరేకల్_లెక్కలు: 65 సంగతికి జవాబు ఎవరూ చెప్పలేదు.