క్రౌన్‌ను అతికిస్తారా, బిగిస్తారా?

ప్రశ్న: పంటి ఇంప్లాంట్ మీద పెట్టే క్రౌన్ (పంటి ఆకారపు తొడుగు) గురించి రాస్తూ "క్రౌన్‌ను అతికిస్తారు" అన్నాను. దాన్ని "బిగిస్తారు" అని దిద్దారు. ఏది సరైనది?

జవాబు: రెండూ సరైనవే, కానీ ఒకదాని చోట ఇంకొకటి పెట్టకూడదు. పని జరిగే పద్ధతే వేరు.

దవడ ఎముకలోకి దించేది టైటానియం ఇంప్లాంట్. ఎముక దాన్ని గట్టిగా పట్టుకోవడానికి సాధారణంగా కొన్ని నెలలు పడుతుంది. దాని మీద అబట్‌మెంట్ అనే చిన్న దిమ్మ, ఆ పైన క్రౌన్ వస్తాయి. క్రౌన్‌ను సిమెంటుతో అబట్‌మెంట్‌కు పట్టిస్తే అది అతికించడం. క్రౌన్‌కున్న రంధ్రంలోంచి స్క్రూ దించి, టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పనిముట్టుతో) తిప్పితే అది బిగించడం. ఆ రంధ్రాన్ని టెఫ్లాన్ టేపు, కాంపోజిట్‌తో (పంటి రంగులో ఉండే పూత పదార్థంతో) మూసేస్తారు.

వ్యతిరేక పదాలు చూస్తే తేడా ఇంకా తేటగా తెలుస్తుంది. అతికించింది ఊడుతుంది, బిగించింది వదులవుతుంది. బిగించినదాన్ని కావాలంటే మనమే విప్పవచ్చు. 'విప్పడం' అనే ఈ ఒక్క మాటలోనే స్క్రూ పద్ధతికున్న పెద్ద సౌకర్యం ఉంది. సిమెంటుతో ఇంకో చిక్కు: చిగురు కింద మిగిలిపోతే అక్కడ వాపు వచ్చి, ఎముక కూడా దెబ్బతినవచ్చు. అయినా ముందు పళ్లకు సిమెంటు వాడే సందర్భాలున్నాయి. ఇంప్లాంట్ వంపును బట్టి స్క్రూ రంధ్రం పంటి ముందు వైపు, అందరికీ కనిపించేలా పడవచ్చు కదా.

ఏ పద్ధతో తెలియకపోతే "తొడిగారు" అనండి. ఉంగరం తొడిగినట్టే, ఎలా నిలిచిందో ఆ మాట చెప్పదు. నాకు చాలా ఇష్టమైన క్రియ ఇది.

ప్రశ్న: అతికించిన క్రౌన్ కదిలితే సిమెంటు ఊడినట్టేనా?

జవాబు: అలా అనుకోకండి. అతికించిన క్రౌన్ కింద కూడా అబట్‌మెంట్‌ను ఇంప్లాంట్‌కు సాధారణంగా స్క్రూతోనే బిగిస్తారు. సిమెంటు బాగానే ఉండి, లోపలి స్క్రూ వదులై ఉండవచ్చు. అప్పుడు "ఊడింది" అని రాస్తే తప్పు. ఇక ఇంప్లాంటే కదులుతుంటే అది ఊడటమూ కాదు, వదులవడమూ కాదు. ఎముకకూ దానికీ ఉన్న బంధమే పోయింది. దానికి నేనైతే "పట్టు విడిచింది" అని రాస్తాను.